పగవాడు పలికిన సాక్ష్యం

వీరుల కథలు మనదాకా మూడు దారుల్లో వస్తాయి. పతకంతోపాటు ప్రభుత్వం ఇచ్చే ప్రశంసాపత్రం మొదటిది. తోటి సైనికులూ ఇంటివారూ చెప్పుకొనే జ్ఞాపకాలు రెండవది. ఈ రెంటినీ నేను తక్కువ చేయడం లేదు గాని, వాటిలో అభిమానం పాలెంత, జరిగినది ఎంత అని విడదీయడం చదువరికి కష్టం. ఇక మూడవ దారి బహు అరుదైనది. ఎదుటి పక్షాన నిలబడి, ఆ వీరుడి మీదికి ఫిరంగి గురిపెట్టినవాడే నోరు విప్పి చెప్పడం అది.

1971 డిసెంబరు 16న బసంతర్ ఒడ్డున మరణించిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్పాల్ కథ ఈ మూడు దారుల్లోనూ మనకు చేరింది. మూడవ దారిన చేరడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ కథను వరుసగా చెప్పి, దాన్ని తలచుకున్నప్పుడల్లా నన్ను వెంటాడే ఒకటి రెండు ప్రశ్నలను కూడా మీ ముందు పెడతాను.

* * *

1971 యుద్ధం అనగానే మనవారికి రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటు. రెండవది విశాఖపట్నం తీరానికి చేరువలో మునిగిపోయిన ఘాజీ జలాంతర్గామి. అదే సమయంలో పడమటి సరిహద్దున జరిగిన పోరాటాలు మనకు అంతగా తెలియవు. అందుకు కారణం లేకపోలేదు. తూర్పున ఒక కొత్త దేశం పుట్టింది. పడమట గెలుచుకున్న నేలలో చాలా భాగాన్ని సిమ్లా ఒప్పందం తరువాత మనం తిరిగి ఇచ్చివేశాము. చేతిలో మిగలని నేల గురించి ఎవరు చెప్పుకుంటారు?

పటం తీసి చూస్తే జమ్ముకు దిగువన పాకిస్తాన్ భూభాగం ఒకచోట మన వైపుకు బొడిపెలా పొడుచుకు వచ్చి కనబడుతుంది. అది రావి, చీనాబు నదుల నడిమి ప్రాంతంలోని శకర్‌గఢ్. పఠాన్‌కోట నుంచి జమ్ముకు వెళ్లే రహదారి ఆ బొడిపెకు దగ్గరలోనే పోతుంది. శత్రువు అక్కడినుంచి ముందుకు దూకి ఆ దారిని తెంచగలిగితే జమ్ము కాశ్మీరాలకు సేనలూ సరుకులూ పోయే మార్గానికే ముప్పు. అందుచేత యుద్ధం మొదలైన కొద్ది రోజులలోనే మన సైన్యం తానే ఆ బొడిపెలోకి చొచ్చుకుపోయింది. ఆ ప్రాంతంలో పారే రావి ఉపనది బసంతర్. డిసెంబరులో ఆ నీరు పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి అంతా దానికి ఇరుపక్కలా నేలలో పాతిపెట్టిన మందుపాతరలదే.

డిసెంబరు 15 రాత్రి మన 47వ పదాతి బ్రిగేడు నది దాటి ఆవలి ఒడ్డున కాలూనుకుంది. కాని పదాతిదళం ఒంటరిగా ట్యాంకులకు ఎదురు నిలవలేదు. తెల్లవారేలోగా మన ట్యాంకులు కూడా ఆవలికి చేరాలి. అవి చేరాలంటే ఇంజనీర్లు మందుపాతరలు తీసి బాట చెయ్యాలి. ఆ పని ముగియకమునుపే శత్రువు ట్యాంకుల అలికిడి వినిపిస్తున్నదని ఆవలి ఒడ్డునుంచి కబురు వచ్చింది. అప్పుడు పూనా హార్స్ రెజిమెంటు పూర్తిగా శుభ్రం కాని ఆ నేలమీదుగానే ట్యాంకులను నడపడానికి నిశ్చయించుకుంది. ఏ చక్రం కింద ఏమి పేలుతుందో తెలియని చీకటిలో అవి ఒకదాని వెనుక ఒకటిగా సాగి ఆవలి ఒడ్డుకు చేరాయి. మర్నాటి కథ అంతా ఈ నిర్ణయం మీద నిలబడి ఉన్నది.

* * *

అరుణ్ ఖేతర్పాల్ 1950 అక్టోబరు 14న పూనాలో పుట్టాడు. అతని కుటుంబానిది దేశవిభజనకు ముందు సర్గోధా. అది ఇప్పుడు పాకిస్తాన్ పంజాబులో ఉన్నది. తాత మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన సైనికుడు. తండ్రి ఎం.ఎల్. ఖేతర్పాల్ సైన్యంలోని ఇంజనీర్ల విభాగంలో అధికారి, బ్రిగేడియర్ అయ్యారు. సనావర్‌లోని లారెన్స్ స్కూలు, ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ, డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీ - ఇదీ కుర్రవాడి చదువు. 1971 జూన్ 13న అతనికి పూనా హార్స్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి యుద్ధానికి ఇంకా ఆరు నెలలు కూడా లేదు.

ఈ రెజిమెంటు పేరు హైదరాబాదువాళ్లకు పరాయిది కాకూడదని నా ఉద్దేశం. ఆరేళ్ల ముందు, 1965 యుద్ధంలో, ఇదే పూనా హార్స్‌కు నాయకత్వం వహించి ప్రాణాలిచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ ఎ.బి. తారాపూర్ తన సైనిక జీవితాన్ని ప్రారంభించినది నిజాం సంస్థాన సైన్యంలో. అప్పుడాయన హైదరాబాదు పదాతిదళంలో ఉండేవాడు. బాంబులు విసరడంలో శిక్షణ ఇస్తూండగా ఒక కొత్త సిపాయి చేతిలోని బాంబు గురితప్పి దగ్గరలోనే పడింది. తారాపూర్ దూకి దాన్ని తీసి అవతలికి విసిరాడు. అది పేలి ఆయన ఛాతీకి గాయాలయ్యాయి. అది చూసి మెచ్చుకున్న సంస్థాన సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ ఆయన కోరిక మీద లాన్సర్ల దళానికి మార్చాడు. హైదరాబాదు నగరంలో ఫస్ట్ లాన్సర్, ఎ.సి. గార్డ్స్ అన్న పేటల పేర్లు వింటున్నాము కదా, అవి నిజాం కాలపు ఆశ్విక దళాల పేర్లే. 1948 సెప్టెంబరులో ఆ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. సంస్థానం విలీనమైన తరువాత తారాపూర్ భారత సైన్యంలోకి, 1951లో పూనా హార్స్‌లోకి వచ్చాడు. 1965లో ఆయన సియాల్‌కోట రంగంలో ఫిల్లోరా దగ్గర గాయపడి, వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోక, మరి అయిదు రోజులు పోరాడి సెప్టెంబరు 16న మరణించేనాటికి మన సైన్యాధిపతి మరెవరో కాదు, ఆ చౌధురిగారే. పదిహేడేళ్ల కింద ఒకరు గెలిచిన సైన్యానికి అధిపతి, రెండవవారు ఓడిన సైన్యంలో ఒక యువ అధికారి! తారాపూర్‌కు మరణానంతరం పరమవీరచక్ర వచ్చింది. పార్శీ అయి ఉండీ, తాను చనిపోతే యుద్ధరంగంలోనే దహనం చెయ్యమని సహచరుడికి ముందుగానే చెప్పి ఉంచాడు. అలాగే చేశారు.

తారాపూర్ పేరు ప్రతి పూటా వినబడే దళంలోకి ఇరవై ఏళ్ల కుర్రవాడుగా అరుణ్ అడుగుపెట్టాడని గుర్తుంచుకోవాలి. రెజిమెంటు సంప్రదాయం అనేది మనబోటివారికి పుస్తకాలలో కనిపించే మాట. వారికి అది భోజనశాల గోడమీది పటం, పెద్దవాళ్లు చెప్పే కబుర్లు, కొత్తగా వచ్చినవాడి మీద పడే బరువు.

యుద్ధం వచ్చేనాటికి అరుణ్ అహ్మద్‌నగర్‌లో యువ అధికారుల శిక్షణలో ఉన్నాడు. శిక్షణను మధ్యలో ఆపి అందరినీ తమ తమ దళాలకు పంపించారు. దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్లి, పెట్టెలో గోల్ఫ్ కర్రలూ, విందులకు వేసుకొనే దుస్తులూ సర్దుకున్నాడట. ఎందుకురా అంటే లాహోర్‌లో గోల్ఫ్ ఆడాలి, గెలిచాక విందు ఉంటుంది కదా అన్నాడట. ఇది ఇంటివారు చెప్పిన సంగతి. వీరగాథలలో ఇమడని ఇటువంటి చిన్న సంగతులే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. మరణాన్ని వరించడానికి వెళ్లేవాడు విందు బట్టలు సర్దుకోడు. అతను తిరిగి రావడానికే వెళ్లాడు.

* * *

డిసెంబరు 16 ఉదయం 8 గంటల వేళ జర్‌పాల్ గ్రామం దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు పొగతెర చాటున ఎదురుదాడికి దిగాయి. వచ్చినది వారి 13వ లాన్సర్ల దళం. వారివి అమెరికా తయారీ పాటన్ ట్యాంకులు, మనవి బ్రిటిషువారి సెంచూరియన్లు. ముందు వరుసలో ఉన్న మన 'బి' స్క్వాడ్రన్ మీద ఒత్తిడి హెచ్చింది. సాయం పంపమని దాని నాయకుడు రేడియోలో అడిగాడు. దగ్గరలో 'ఎ' స్క్వాడ్రన్‌తో ఉన్న అరుణ్ ఆ పిలుపు విని తన ట్రూపుతో బయలుదేరాడు.

దారి సుగమంగా లేదు. నది దాటిన చోట శత్రువు పదాతిదళం కొన్ని స్థావరాలలో ఇంకా నిలిచే ఉంది. ట్యాంకులను కొట్టే ఫిరంగులు అక్కడినుంచి పేలుతున్నాయి. ఒక ట్యాంకు నాయకుడు అక్కడే చనిపోయాడు. అరుణ్ ఆ స్థావరాల మీదికే ట్యాంకును నడిపి, వాటిని తొక్కించి, ఫిరంగుల దగ్గర ఉన్నవారిని పిస్తోలు చూపి పట్టుకున్నాడని అతని ప్రశంసాపత్రం చెబుతోంది. అక్కడినుంచి 'బి' స్క్వాడ్రన్ ఉన్న చోటికి చేరేసరికి పాకిస్తాన్ ట్యాంకులు మొదటి ప్రయత్నం విఫలమై వెనక్కి తగ్గుతున్నాయి. వాటిని వెంటాడి ఒకదాన్ని కొట్టాడు.

తగ్గినవారు మళ్లీ వచ్చారు. ఈసారి వారు ఎంచుకున్న చోట మనవి మూడే ట్యాంకులు ఉన్నాయి. ఒకదానిలో కెప్టెన్ మల్హోత్రా, మరొకదానిలో లెఫ్టినెంట్ అహ్లావత్, మూడవదానిలో అరుణ్. అరుణ్ ట్యాంకు పేరు 'ఫామగుస్తా'. సైప్రస్ ద్వీపంలోని ఒక రేవుపట్టణం పేరది. భీకరమైన పోరు జరిగింది. పది శత్రు ట్యాంకులు దెబ్బతిన్నాయనీ, వాటిలో నాలుగింటిని అరుణ్ ఒక్కడే కొట్టాడనీ ప్రశంసాపత్రంలోని లెక్క. ఈలోగా అహ్లావత్ ట్యాంకు దెబ్బతిని ఆయన గాయపడ్డాడు. మల్హోత్రా ట్యాంకులో ఫిరంగి మొరాయించింది. పనిచేసే ఫిరంగి ఇక అరుణ్‌దే. అతని ట్యాంకుకు కూడా దెబ్బ తగిలి మంటలు లేచాయి. అతనికి తీవ్రంగా గాయాలయ్యాయి.

ట్యాంకు వదిలి బయటకు రమ్మని పైఅధికారి రేడియోలో ఆజ్ఞాపించాడు. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందనీ, ట్యాంకును వదలననీ అరుణ్ బదులు చెప్పాడు. మరొక శత్రు ట్యాంకును కొట్టాడు. అది అప్పటికి అతనికి నూరు మీటర్ల దూరంలో ఉన్నదట. ఆ తరువాత అతని ట్యాంకుకు రెండవ దెబ్బ తగిలింది. అదే ఆఖరుది.

ఆ ట్యాంకులో నలుగురు ఉండేవారు. రేడియో చూసుకొనే సవార్ నంద్ సింగ్ కూడా ఆనాడే మరణించాడు. తక్కిన ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. కథ చెప్పేవారిలో చాలామంది నంద్ సింగ్ పేరు చెప్పరు గనుక నేను ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను.

పాకిస్తాన్ ట్యాంకులు ఆ చోటును దాటి ముందుకు రాలేకపోయాయి. అదే రోజు సాయంకాలం, తూర్పున ఢాకాలో, జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. మర్నాడు, 17వ తేదీ రాత్రి 8 గంటలకు పడమటి సరిహద్దున కూడా కాల్పులు ఆగిపోయాయి. ఒక్క రోజున్నర! ఆ రోజున్నర గడిచి ఉంటే ఆ గోల్ఫ్ కర్రలు ఇంటికి తిరిగి వచ్చేవి. ఢిల్లీలో ఇంటివారు యుద్ధం ముగిసిందని సంతోషించి, కొడుకు వస్తాడని ఎదురుచూస్తూ ఉండగా కొన్ని రోజులకు తంతి వచ్చింది. అప్పటికి అతని వయస్సు 21 ఏళ్ల 2 నెలలు. పరమవీరచక్రను రాష్ట్రపతి వి.వి. గిరిగారి చేతులమీదుగా తల్లి అందుకున్నది.

* * *

కథ ఇక్కడితో ముగిస్తే ఇది మొదటి రెండు దారుల్లో వచ్చిన వీరగాథ. మూడవ దారి ఇక్కడినుంచి మొదలవుతుంది.

2001లో బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్పాల్‌కు 81 ఏళ్లు. కన్నుమూసేలోగా తాను పుట్టి పెరిగిన సర్గోధాను ఒకసారి చూడాలని ఆయనకు కోరిక కలిగింది. అనుమతి దొరికింది. లాహోర్‌లో ఆయనకు ఆతిథ్యం ఇచ్చే బాధ్యతను పాకిస్తాన్ సైన్యంలో పనిచేసి విరమించిన ఖ్వాజా మహమ్మద్ నాసర్ అనే బ్రిగేడియర్ తీసుకున్నాడు. ఆయనా ఆయన ఇంటివారూ ఈ ముసలాయనను ఎంతో ఆదరించారు. ఇంత మర్యాద ఎందుకో ఖేతర్పాల్‌గారికి అంతు చిక్కలేదు. ఏదో చెప్పాలని చెప్పలేక తటపటాయిస్తున్నట్టు నాసర్ ముఖం మాత్రం కనబడుతోంది.

తిరుగు ప్రయాణానికి ముందటి రాత్రి ఆయన చెప్పాడు. 1971లో తాను 13వ లాన్సర్లలో మేజరుననీ, ఆ ఉదయం బసంతర్ దగ్గర మీ అబ్బాయికి ఎదురుగా నిలిచిన స్క్వాడ్రన్ నాయకుణ్ణి తానేననీ, చివరకు అతని ట్యాంకూ తన ట్యాంకూ ఎదురెదురుగా మిగిలి ఒకేసారి కాల్చుకున్నాయనీ, తాను బతికి అతను మరణించడం విధి అనీ చెప్పాడు. అతను ఎంత చిన్నవాడో తనకు తరువాతగాని తెలియదన్నాడు. ఆ కొడుకుకూ అటువంటి కొడుకును పెంచిన తండ్రికీ తాను సలాం చేస్తున్నానన్నాడు.

తండ్రి ఏమన్నాడు? చాలాసేపు ఏమీ అనలేదనే వృత్తాంతం చెప్పినవారందరూ అంటారు. అంతకంటే మరేమైనా ఉండవలసిన అవసరం కూడా నాకు కనబడదు. తన బిడ్డ ప్రాణం తీసిన చేతితోనే మూడు రోజులుగా అన్నం పెట్టించుకున్నానని ఎనభై ఒకటవ ఏట తెలిసిన మనిషికి ఏ భాషలో మాట వస్తుంది? ఆయన కూడా సైనికుడే. ఎదుటివాడు తన విధి నిర్వర్తించాడని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా తండ్రి తండ్రే.

విడిపోయేముందు ఇద్దరూ ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో మీద నాసర్ 2001 మార్చి 2వ తేదీ వేసి రాసిన వాక్యాలు ఉన్నాయి. వాటి సారాంశం ఇది. 13వ లాన్సర్ల ఎదురుదాడిలో గెలుపుకూ ఓటమికీ నడుమ కదలని బండలా నిలిచిన షహీద్ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్పాల్ తండ్రికి అని మొదలుపెట్టి, మేము బడా పిండ్ యుద్ధమనీ మీరు బసంతర్ యుద్ధమనీ పిలిచే ఆ పోరులో అని ముగించాడు. ఇందులో రెండు మాటలు గమనించదగ్గవి. ఒకటి 'షహీద్'. తన దేశపు సైనికులకు వాడే ఆ మాటనే ఆయన ఎదుటి దేశపు సైనికుడికి వాడాడు. రెండవది ఆ రెండు పేర్లు. ఒకే యుద్ధానికి మీ పేరు మీది, మా పేరు మాది. కాని అక్కడ నిలబడినవాడి విషయంలో మాత్రం భేదం లేదు.

* * *

అరుణ్‌ను అభిమన్యుడితో పోల్చడం పరిపాటి. లేత వయస్సు, చుట్టూ శత్రువులు, వెనుదిరగని తెగువ - పోలిక సహజమే. పల్నాటి బాలచంద్రుణ్ణి తలచుకొనేవాళ్లూ ఉంటారు. కాని నాకు ఈ కథలో భారతంతో పోలిక కంటే తేడాయే పెద్దదిగా కనబడుతుంది. భారతంలో అభిమన్యుడు పడిపోయిన రాత్రి తండ్రి ప్రతిజ్ఞ చేస్తాడు. మర్నాడు సూర్యుడు అస్తమించేలోగా సైంధవుడి తల తెగుతుంది. అక్కడితో కూడా పగ చల్లారదు, చివరి రాత్రి నిద్రలో ఉన్న పిల్లలదాకా పోతుంది. ఇక్కడ కొడుకును కొట్టినవాడే తండ్రిని ఇంటికి పిలిచాడు. తానే చేశానని తానుగా చెప్పాడు. చెప్పకుండా ఉండిపోయినా అడిగేవారు లేరు. ముప్పై ఏళ్లు మోసిన బరువును దించుకోవడానికి చెప్పాడో, ఆ తండ్రికి కొడుకు చివరి క్షణాల వార్త చేరాలని చెప్పాడో మనకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్న మిత్రులు ఇక్కడ ఒక ప్రశ్న వెయ్యవచ్చు. పొగలో, ధూళిలో, పదుల ట్యాంకులు కాల్చుకుంటున్నప్పుడు ఎవరి గుండు ఎవరికి తగిలిందో అంత నిశ్చయంగా ఎలా చెప్పగలరు? ముప్పై ఏళ్ల తరువాతి జ్ఞాపకం ఎంత నమ్మదగినది? న్యాయమైన ప్రశ్నే. ట్యాంకుల లెక్కలు ఏ యుద్ధంలోనైనా రెండు పక్షాల పుస్తకాలలో ఒకలా ఉండవు. ఆ చివరి గుండు నాసర్‌దే అన్న ఒక్క విషయానికి నేను కూడా ఎక్కువ బరువు ఇవ్వను. ఆయన సాక్ష్యంలో నేను విలువ కట్టేది మరొకదానికి. తమ ఎదురుదాడి అక్కడ విఫలమైనదనీ, విఫలం కావడానికి ఆ చోట నిలిచినవాడు కారణమనీ ఆయన ఒప్పుకున్నాడు. ఓడిన దాడికి నాయకుడైనవాడు దానికి వంద కారణాలు చెప్పుకోవచ్చు. నేల బాగులేదనవచ్చు, పై అధికారుల ప్రణాళిక బాగులేదనవచ్చు. నిజానికి ఆనాడు 13వ లాన్సర్లను ఒక్కొక్క స్క్వాడ్రన్‌గా విడివిడిగా దాడికి పంపడం పొరపాటని చెప్పడానికి ఆస్కారం ఉన్నది కూడా. ఆయన అది చెప్పలేదు. ఎదుటివాడి ధైర్యాన్ని చెప్పాడు. తనకు నష్టమైన మాట చెప్పే సాక్షిని ఏ న్యాయస్థానమైనా నమ్ముతుంది.

ఇటువంటి సాక్ష్యం ఒకవైపునుంచే వచ్చిందని అనుకోకండి. అరుణ్ మరణించిన మర్నాటి ఉదయం అదే జర్‌పాల్ దగ్గర పాకిస్తాన్ పదాతిదళం ఒకటి దాడికి వచ్చింది. దాన్ని నడిపించినవాడు లెఫ్టినెంట్ కర్నల్ మహమ్మద్ అక్రమ్ రాజా. ఎదుర్కొన్నది మన 3వ గ్రెనేడియర్ల దళం. గాయపడి కూడా ఒక కందకం నుంచి మరొక కందకానికి తిరుగుతూ, తుపాకి నడిపేవారు పడిపోతే తానే మెషిన్‌గన్ అందుకుని, కాల్పులు ఆగేదాకా వెనక్కి పోని మేజర్ హోషియార్ సింగ్ ఈ దళంవాడే. 1971 యుద్ధంలో పరమవీరచక్ర పొందిన నలుగురిలో బతికి దాన్ని అందుకున్నవాడు ఆయన ఒక్కడు. ఆ దాడిలో పాకిస్తాన్ వైపు 85 మంది మరణించారు, వారిలో అక్రమ్ రాజా ఒకరు. తన మనుషులకు ముందు నడిచి వచ్చి పడిపోయిన ఆ అధికారి తెగువను చూసిన మన గ్రెనేడియర్ల నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ వి.పి. ఐరీ దాన్ని కాగితం మీద పెట్టి అవతలివారికి అందజేశాడు. అక్రమ్ రాజాకు పాకిస్తాన్ మరణానంతరం హిలాల్-ఎ-జుర్రత్ ఇచ్చింది. ఆ దేశంలో అది రెండవ అత్యున్నత శౌర్య పురస్కారం. 1999లో కార్గిల్‌లో టైగర్ హిల్ దగ్గర మరణించిన కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ విషయంలో కూడా ఇలాగే జరిగింది. ఆ చోట పోరాడినవారు తమ సైనికులే కాదని అతని దేశం బుకాయిస్తున్న రోజులలో, వీడు ధైర్యంగా పోరాడాడని రాసి పంపినవాడు మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా. తరువాత పాకిస్తాన్ అతనికి తన అత్యున్నతమైన నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది.

పగను పెంచడం రణరంగానికి దూరాన కూర్చున్నవారికి సులభం. దగ్గరనుంచి చూసినవారికి అది అంత సులభంగా అబ్బదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి. నాసర్, ఐరీ, బాజ్వా - ముగ్గురూ తమ దేశం కోసం ఎదుటివారిని చంపడానికి వెనుకాడనివారే. ఆ పని ముగిశాక ఎదుటివాడి గురించి అబద్ధమాడడానికి మాత్రం వారికి మనసొప్పలేదు.

* * *

చివరగా నన్ను వెంటాడే ప్రశ్న ఒకటి మిగిలింది. ట్యాంకు వదిలి రమ్మని పైఅధికారి చెప్పాడు. అరుణ్ వినలేదు. సైన్యంలో ఆజ్ఞ మీరడం నేరం కదా, మరి దానికే అత్యున్నత పతకం ఎలా వచ్చింది?

దీనికి జవాబు ప్రశంసాపత్రంలోనే ఉన్నది. శత్రువు దెబ్బతిని కూడా ముందుకు వస్తూనే ఉన్నాడనీ, ఆ చోట తాను తప్పుకుంటే చొచ్చుకుపోతాడనీ అతను గ్రహించాడని అందులో రాశారు. ఏ ట్యాంకూ ఉన్న చోటునుంచి వెనక్కి జరగకూడదని దళపతి హనూత్ సింగ్ ఆ ఉదయమే చెప్పి ఉన్నాడంటారు. హనూత్ సింగ్‌కు ఆ యుద్ధంలో మహావీరచక్ర వచ్చింది. అంటే కుర్రవాడి ముందు రెండు ఆజ్ఞలు ఉన్నాయి. ఒకటి అతని ప్రాణం కోసం ఇచ్చినది, మరొకటి ఆ చోటు కోసం ఇచ్చినది. ఏది మీరాలో ఎంచుకోవడానికి అతనికి ఉన్న వ్యవధి ఏ కొద్ది క్షణాలో. పనిచేసే ఫిరంగి మరొకటి ఉండి ఉంటే బహుశా అతను దిగివచ్చేవాడు. గోల్ఫ్ కర్రలు సర్దుకున్నవాడు ఊరికే చావాలని కోరుకోడు. పక్కనున్న రెండు ఫిరంగులూ మూగబోయాయి గనుక, తనది మాత్రం మాట్లాడుతోంది గనుక ఉండిపోయాడు. ధైర్యం అంటే భయం లేకపోవడమని మనం తేలికగా అంటాము. నాకు మాత్రం ఆనాటి ధైర్యంలో ఒక లెక్క కనబడుతుంది. 'ఇప్పుడు ఇక్కడ నేను తప్ప మరొకరు లేరు' అన్న లెక్క అది. హైదరాబాదు శిక్షణ మైదానంలో కింద పడిన బాంబు వైపు దూకిన తారాపూర్‌ది కూడా అదే లెక్క.

జర్‌పాల్, బడా పిండ్ గ్రామాలు ఈనాడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. అరుణ్ కాపాడిన ఆ చోటు మనది కాదు. మరి అతని మరణం దేనికి పనికివచ్చింది అని అడిగేవారికి చెప్పగలిగిన జవాబు, ఆ ఉదయం అతని వెనుక ఆవలి ఒడ్డున కాలూనుకుని ఉన్న పదాతిదళాలు. ట్యాంకులు దాటి వచ్చి ఉంటే వారి గతి ఏమయ్యేదో ఊహించవచ్చు. వారిలో బతికి ఇళ్లకు వెళ్లినవారికి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు కలిగారు. ఆ పిల్లలలో చాలామందికి అరుణ్ ఖేతర్పాల్ పేరు తెలియకపోవచ్చు.

పరమవీరచక్ర ఇప్పటికి 21 మందికే వచ్చింది, వారిలో 14 మందికి మరణానంతరం. ఖడక్‌వాస్లా అకాడమీలోని కవాతు మైదానానికి ఖేతర్పాల్ పేరు పెట్టారు. పూనా హార్స్‌కు 'ఫఖ్ర్-ఎ-హింద్' అన్న బిరుదు ఉన్నది. హిందుస్థానపు గర్వకారణమని దాని అర్థం. ఆ బిరుదు ఇచ్చినది పాకిస్తాన్ సైన్యమే అంటారు. డిసెంబరు 16 వచ్చినప్పుడు మనం ఢాకా విజయాన్ని తలచుకుంటాము, తలచుకోవాలి కూడా. ఆ ఉదయమే, వేయి మైళ్లకు పైగా దూరాన, ఒక మంటలంటుకున్న ట్యాంకులో మరణించిన ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాణ్ణీ, అతని పక్కన ఉన్న నంద్ సింగ్‌నూ, ముప్పై ఏళ్ల తరువాత లాహోర్‌లో ఒక రాత్రి మౌనంగా కూర్చున్న ముసలి తండ్రినీ, ఆయన ఎదుట నిజం చెప్పడానికి సాహసించిన నాసర్‌నూ కూడా తలచుకుందాము. ఆ నిజం చెప్పడానికి కూడా ధైర్యమే కావలసి వచ్చింది.